నల్ల అంజీర్: ట్యాగు మీద నలుపు, చెట్టు మీద పచ్చ. మన ఎండలకు అసలు ఏ రకం పెట్టుకోవాలి?

హన్మకొండ_మిద్దె
డిసెంబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకచోట 'బ్లాక్ మిషన్' అని చూసి 650 రూపాయలు పెట్టి అంజీర్ మొక్క తెప్పించుకున్నాను. ట్యాగు మీద నేరేడు పండులా నిగనిగలాడే బొమ్మ. మిద్దె మీద పెద్ద టబ్బులో పెట్టి, పెంట ఎరువు వేసి, ఎండాకాలం పాత చీరలు అడ్డం కట్టి పెంచాను. మొన్న మొదటి కాయ మెత్తబడింది, కానీ పచ్చగానే ఉంది. నల్లబడుతుందేమో అని నాలుగు రోజులు ఎదురుచూశాను. ఐదో రోజు చీమలు పండగ చేసుకున్నాయి. రెండోది మాత్రం కోసి చూశాను. తొక్క పసుపు కలిసిన పచ్చ, లోపల లేత గులాబీ. తియ్యగానే ఉంది, కాదనను. నేను డబ్బు కట్టింది నల్లదానికి కదా!

నల్లదే ఎందుకంటే, నా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం మీద మేము నిజామాబాద్‌లో ఉన్నాం. క్వార్టర్ వెనకాల గోడ పక్కన ఒక అంజీర్ చెట్టు ఉండేది. దాని పండ్లు నల్లగా ఉండేవి. ఆ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

వరంగల్ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా నిజంగా నల్లగా కాసే చెట్టు ఉందా? ఏ రకం, ఎక్కడ దొరికింది, ఎట్లా ఉంది, కాస్త చెప్పండి.


చలకనేల
డిసెంబర్ 7, రాత్రి 10:15

అక్కా, మీది డయానా. ఫొటో లేకున్నా చెప్పగలను. పండు పెద్దగా, పచ్చగా ఉండి లోపల గులాబీ అంటే మన నర్సరీల్లో నూటికి తొంభై సార్లు అదే. మొక్క చెడ్డది కాదు, మంచి కాపు. పేరే తప్పు.

మాది హసన్‌పర్తి. ఎర్ర చలకలో ఆరేళ్ల నుంచి నాలుగు చెట్లున్నాయి. రెండు పూణే రకం, ఒకటి డయానా, ఒకటి బ్రౌన్ టర్కీ. ఈ నాలుగో దాని ట్యాగు మీద 'టర్కిష్ బ్రౌన్' అని రాసుంది. తిరగేసి రాశారంతే. ఈ మధ్య ఇంకో నర్సరీలో 'బ్లాక్ టర్కీ' అని చూశాను. అదేం రకమో అమ్మేవాళ్లకే తెలియాలి.


ఉడుత_బాధితుడు
డిసెంబర్ 7, రాత్రి 10:22

చీమలు తిన్నాయని బాధపడుతున్నారు, మీరు అదృష్టవంతులు. మా సుబేదారిలో కోతులు కాయ పండేదాకా కూడా ఆగవు.


పాత_బోటనీ_సార్
డిసెంబర్ 8, ఉదయం 6:05

అమ్మా, రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక విషయం తెలుసుకుంటే మీ డబ్బు మిగులుతుంది.

అంజీర్‌లో మూడు తరహాలున్నాయి. కామన్ అనే తరహా పరాగ సంపర్కం లేకుండానే కాయను నిలుపుకుని పండిస్తుంది. స్మిర్నా తరహాకు ఒక చిన్న కందిరీగ కావాలి, సులువుగా ఈగ అందాం. మగ అంజీర్ నుంచి పుప్పొడి మోసుకొచ్చి కాయ అడుగున ఉండే చిన్న రంధ్రం, అంటే కన్నులోంచి లోపలికి దూరితేనే పండు, లేకపోతే కాయ గోలీ సైజులో ఉండగానే రాలిపోతుంది. మూడోది సాన్ పెడ్రో. అందులో పాత కొమ్మ మీద వచ్చే తొలి కాపు ఈగ లేకుండా పండుతుంది, కొత్త కొమ్మ మీద వచ్చే అసలు కాపుకు ఈగ తప్పనిసరి.

ఆ ఈగ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలది. మీ మిద్దె మీదికి రాదు. కాబట్టి మనం పెట్టుకోవాల్సింది కామన్ తరహా మాత్రమే. ఇక్కడే నల్ల అంజీర్ మీద మోజున్న వాళ్లు దెబ్బ తింటారు. టర్కీ వాళ్ల 'బుర్సా సియాహి' ఎగుమతుల్లో పేరున్న నల్ల అంజీర్, బొమ్మ చూస్తే నోరూరుతుంది. కానీ అది స్మిర్నా తరహా. నిజమైన మొక్కే దొరికినా మన దగ్గర ఏటా పిందెలు వేస్తుంది, ఏటా రాల్చేస్తుంది.


జగిత్యాల_కోడలు
డిసెంబర్ 8, ఉదయం 7:30

సార్, మంచిగా గుర్తుచేశారు. మా అత్తమ్మ ఎవరో పంపిన వీడియో చూసి అంజీర్‌లో చచ్చిన పురుగు ఉంటుందని ముట్టడం మానేసింది. మేడిపండు కోస్తే పురుగులు కనిపిస్తాయి కదా, ఇది కూడా ఆ జాతే అంటుంది. ఏం చెప్పాలి?


పాత_బోటనీ_సార్
డిసెంబర్ 8, ఉదయం 7:52

మీ అత్తగారు సగం కరెక్టు. మేడి, అంజీర్, మర్రి, రావి అన్నీ ఒకే కుటుంబం. కానీ ఒక్కో జాతికి ఒక్కో ఈగ. మేడికాయలోకి దూరే ఈగ అంజీర్‌ను పట్టించుకోదు, అంజీర్ ఈగ మన దగ్గర లేదు. మీ పెరట్లో కాసే కామన్ రకం పండులో ఈగ ఉండే ప్రశ్నే లేదు. టర్కీ నుంచి వచ్చే ఎండు అంజీర్ మాత్రం ఎక్కువగా స్మిర్నా తరహావే, వాటిలోకి ఈగ దూరిన మాట నిజం. కానీ దాని శరీరం చాలావరకు పండులోని ఎంజైములకే అరిగిపోతుంది. పంటికింద కరకరలాడేవి విత్తనాలు.

పేరు సంగతి కూడా చెప్పాలి. కొందరు అంజీర్‌ను అత్తిపండు అంటారు. మా ఊళ్లో అత్తి అన్నా మేడి అన్నా ఒకటే చెట్టు. అందుకే నేను అంజీర్ అనే అంటాను, గొడవ ఉండదు.


కరీంనగర్_కుండీలు
డిసెంబర్ 8, రాత్రి 11:10

నాకు ఈ టాపిక్ ఇప్పుడా కనబడేది! డాబా మీద పదకొండు కుండీల అంజీర్ ఉంది నాకు. ఇంట్లో తిట్లు కూడా పదకొండు కుండీలకు సరిపడా ఉన్నాయి. నల్లవి, నల్లవని చెప్పుకునేవి నేను పెంచి చూసినంతలో చెప్తాను.

బ్రౌన్ టర్కీ: పేరులోనే బ్రౌన్ ఉంది, నలుపు కాదు. పండితే కాఫీ గింజ రంగు, కాడ వైపు పచ్చ మిగిలిపోతుంది. లోపల గులాబీ కలిసిన లేత తేనె రంగు. రుచి మామూలు తీపి. కానీ ఏ కుండీలో పెట్టినా బతుకుతుంది, కత్తిరిస్తే మళ్లీ కొత్త కొమ్మ మీదే కాస్తుంది, మొదటి ఏడే రెండు మూడు కాయలు చూపిస్తుంది. దీనితో ఒకటే చిక్కు. కాయ అడుగున కన్ను తెరుచుకుని ఉంటుంది. వాన పడితే నీళ్లు, చీమలు, చిన్న ఈగలు అందులోంచే లోపలికి. రెండు రోజుల్లో పులిసిపోయి కల్లు వాసన.

బ్లాక్ మిషన్: ఇది నిజంగా నల్లది, ఊదా కలిసిన నలుపు. 18వ శతాబ్దంలో స్పెయిన్ పాదిరీలు కాలిఫోర్నియాలో మిషన్లు కట్టినప్పుడు అక్కడ నాటిన అంజీర్ కాబట్టి ఆ పేరు. రుచిలో బ్రౌన్ టర్కీకన్నా ఒక మెట్టు పైన. చెట్టు మాత్రం రాక్షసి. నేల ఉంటే సంతోషంగా పెట్టుకోండి, కుండీలో అయితే ఏటా గట్టిగా కత్తిరించాలి. నాకు మూడో ఏడు గానీ సరిగ్గా కాయలేదు.

వయొలెట్ డి బోర్డో, ఇంకో పేరు నెగ్రోన్: చిన్న పండు, బాగా నలుపు, కోస్తే లోపల స్ట్రాబెర్రీ జామ్ లాంటి ఎరుపు. నా పదకొండిట్లో రుచికి ఇదే ఫస్టు. చెట్టు పొట్టిది, కుండీకి పుట్టినట్టే ఉంటుంది. ఆకు వేళ్లు చాచినట్టు లోతుగా చీలి ఉంటుంది, కాబట్టి మోసం కొంత పట్టేయొచ్చు.

బ్లాక్ జెనోవా: ఒక్క కాపే చూశాను, ఇప్పుడే ఏమీ చెప్పను.

పూణే: ఊదా చారల పండు, లోపల గులాబీ. దీన్ని ఎవరూ 'ఎగ్జాటిక్' అనరు కాబట్టి ధర తక్కువ. నల్లది కాదు గానీ మన వాతావరణానికి అలవాటు పడ్డది.


చలకనేల
డిసెంబర్ 9, ఉదయం 8:20

కుండీలన్నా, నెగ్రోన్‌ను మస్తు పొగిడినవు గానీ మే నెలలో ఏమైందో కూడా చెప్పు. పోయిన ఎండాకాలం ఆకులన్నీ మాడిపోయిన ఫొటో నువ్వే పెట్టినట్టు గుర్తు.


కరీంనగర్_కుండీలు
డిసెంబర్ 9, ఉదయం 9:02

పట్టేశావు అన్నా. నిజమే. సిమెంట్ డాబా మీద 44 డిగ్రీలొస్తే ఆ చిన్న కుండీలో వేళ్లు ఉడికిపోయాయి. కుండీ మార్చి, కింద రెండు ఇటుకలు పెట్టి, మధ్యాహ్నం తర్వాత నీడ వచ్చేచోటికి జరిపాక తేరుకుంది. ఏప్రిల్, మే రెండు నెలలు షేడ్ నెట్ లేకుండా మిద్దె మీద ఏ అంజీర్ పెట్టినా నెగ్రోన్ అంత కాకున్నా కొంతైనా మాడుతుంది. నేలలో ఉన్న చెట్టుకు ఈ బాధ లేదు, వేరు లోతుకు పోతుంది.


పాత_బోటనీ_సార్
డిసెంబర్ 9, ఉదయం 10:40

రంగు గురించి చెప్తానన్నాను కదా. నల్ల అంజీర్ తొక్కకు ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు, నేరేడులోనూ నల్లద్రాక్షలోనూ ఉండే వర్గమే. ఇవి చివరి వారం పది రోజుల్లో పేరుకుంటాయి. వేడి మరీ ఎక్కువైతే సరిగ్గా పేరుకోవు. కాబట్టి ఒకే చెట్టు ఫిబ్రవరిలో నల్లటి పండు ఇచ్చి మే నెలలో వెలిసిపోయిన పండు ఇస్తే మోసపోయానని అనుకోవద్దు. ఆకుల నీడలో దాక్కున్న కాయకు కూడా రంగు తక్కువే.

మీ నిజామాబాద్ చెట్టు గురించి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజుల్లో క్వార్టర్లలో పూణే రకమే ఉండటానికి అవకాశం ఎక్కువ. బాగా మగ్గితే అది కూడా ముదురు ఊదాకు తిరుగుతుంది. మిగిలిన నలుపు మీ జ్ఞాపకం పూసి ఉండొచ్చు.


హన్మకొండ_మిద్దె
డిసెంబర్ 9, రాత్రి 8:55

సార్, కోపమేం లేదు గానీ ఒప్పుకోను. నల్లగానే ఉండేవి. అమ్మను అడిగితే "నలుపో ఎరుపో, మీరు చెట్టు మీద ఉండనిస్తే కదా" అంది.


పరకాల_పత్తి
డిసెంబర్ 10, మధ్యాహ్నం 1:30

పత్తి తీసి రెండెకరాల్లో అంజీర్ పెట్టమని ఒకాయన వెంటపడ్డాడు. మొక్కలు తనే ఇస్తాడట, పండు తనే కొంటాడట. నల్ల రకానికి డబుల్ రేటంటున్నాడు. పెట్టొచ్చా? మాది రేగడి.


చలకనేల
డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, మొక్కా నేనే ఇస్తా, పండూ నేనే కొంటా అనేవాడు మొక్కల పైసలు ముందు తీసుకుంటాడు, పండు మూడేళ్ల తర్వాత కొంటానంటాడు. అంతే చెప్తా.

రేగడిలో నీళ్లు నిలిస్తే అంజీర్ వేరు కుళ్లుతుంది. ఎత్తు బోదెలు చేసి, మురుగు పోయే దారి పెట్టాలి. దానికన్నా పెద్ద చిక్కు పండు. చెట్టు మీద మెత్తబడితేనే రుచి, మెత్తబడ్డాక రెండు మూడు రోజులు కూడా ఆగదు. పచ్చిగా కోసి పెడితే సపోటాలాగా మాగదు. పూణే దగ్గర పురందర్ తాలూకా రైతులు బాగుపడ్డారంటే పొద్దున కోసింది సాయంత్రానికి పూణేలోనో ముంబైలోనో ఉంటుంది. ఆ అంజీర్‌కు 2016లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. పరకాల నుంచి నువ్వు ఎక్కడికి పంపుతావు? ముందు పది చెట్లు పెట్టి చూడు.


పరకాల_పత్తి
డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:25

పదే పెడ్తా అన్నా.


ఉడుత_బాధితుడు
డిసెంబర్ 10, సాయంత్రం 5:15

ఒక తిక్క ప్రశ్న. డ్రైఫ్రూట్ షాపులో కొన్న అంజీర్ గింజలు నానబెట్టి చల్లితే మొలుస్తాయా? ఫ్రీగా వస్తుంది కదా.


పాత_బోటనీ_సార్
డిసెంబర్ 10, సాయంత్రం 6:00

ఈగ పనిచేసిన పండు గింజలు కాబట్టి మొలిచే అవకాశం ఉంది. కానీ వాటిలో సుమారు సగం మగ చెట్లవుతాయి, మిగతావాటిలో చాలా వరకు తల్లిలాగే ఈగను అడుగుతాయి. నాలుగైదేళ్లు పెంచాక తేలుతుంది. ఫ్రీ అనేది అందుకే ఖరీదు. కొమ్మ పెట్టుకోండి, తల్లి ఎట్లా ఉంటే పిల్ల అట్లాగే ఉంటుంది.


హన్మకొండ_మిద్దె
డిసెంబర్ 10, రాత్రి 9:20

సరే, మొక్క ఎక్కడ కొనాలి మరి? కడియం వెళ్లాలా? హైదరాబాద్ నర్సరీ మేళా దాకా ఆగాలా? యూనివర్సిటీ వాళ్ల దగ్గర ఉంటుందని ఒకరన్నారు, ములుగు అన్నారు. మాకు దగ్గరే కదా, ఆదివారం వెళ్లొద్దామనుకుంటున్నా.


చలకనేల
డిసెంబర్ 10, రాత్రి 9:31

అక్కా ఆగండి! హార్టికల్చర్ యూనివర్సిటీ ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. మీరు మేడారం దారి పట్టి మన ములుగు పోతే సమ్మక్క దర్శనం చేసుకుని తిరిగిరావాలి. మా బావమరిది నిజంగా అట్లాగే వెళ్లొచ్చాడు. వెళ్లేముందు అంజీర్ మొక్కలు ఉన్నాయా అని ఫోన్ చేసి కనుక్కోండి. పండ్ల మొక్కలన్నీ అన్ని వేళలా ఉండవు.

కడియంలో దొరకని మొక్క ఉండదు, కానీ అక్కడా వందల నర్సరీలు, ఎవరి ట్యాగు వాళ్లది. నా పద్ధతి ఒకటే. కాయ ఉన్న మొక్కనే కొంటాను. చిన్న కాయైనా సరే, అది రంగు తిరిగేదాకా డబ్బు మొత్తం ఇవ్వనంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు నవ్వుతారు. నవ్వితే ఇంకో నర్సరీ. ఆన్‌లైన్‌లో మాత్రం నల్ల అంజీర్ కొనడం మానేశాను. బొమ్మ నెట్‌లోంచి తీసుకుంటారు, మొక్క దొడ్లోంచి తీస్తారు.


గోదావరిఖని_గార్డెన్
డిసెంబర్ 11, ఉదయం 7:05

మా అన్న కొడుకు అమెరికాలో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడ బ్లాక్ మదీరా, కోల్ డి డామ్ నోయిర్ లాంటి వాటి కొమ్మలు అమ్ముతారట. సూట్‌కేసులో నాలుగు పెన్సిళ్లంత కొమ్మలు, ఎవరు చూస్తారు? కావాల్సినవాళ్లు చెప్పండి.


పాత_బోటనీ_సార్
డిసెంబర్ 11, ఉదయం 7:40

దయచేసి వద్దు. మొక్కల దిగుమతికి 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది. ముందుగా పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కొమ్మ తేవడం నేరం. చట్టం పక్కన పెట్టినా, అంజీర్ కొమ్మలతో మొజాయిక్ వైరస్ వస్తుంది, దాన్ని మోసే కంటికి కనబడని నల్లి వస్తుంది. మీ ఒక్క కుండీ సరదాకు చుట్టుపక్కల తోటలన్నీ పసుపు మచ్చలతో గిడసబారతాయి. పైగా మీరు చెప్పిన రెండూ ఆలస్యంగా పండే రకాలు. మీకు పండేసరికి మన ఎండలో కాయ ఉడుకుతుంది, లేదా వానలో పగులుతుంది.


మోడరేటర్
డిసెంబర్ 11, ఉదయం 8:00

విదేశీ కొమ్మల ఆఫర్లు ఇక్కడ వద్దు. మన జిల్లాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి అభ్యంతరం లేదు, డబ్బు మాట్లాడుకోవద్దు.


కరీంనగర్_కుండీలు
డిసెంబర్ 11, రాత్రి 10:30

మిద్దె అక్కా, ఇంత వెతకడం ఎందుకు, నా దగ్గరవే తీసుకోండి. నేను పండు తిని చూసిన చెట్లు, పేరు తప్పైనా రుచి తప్పు కాదు. బ్రౌన్ టర్కీవి మూడు, నెగ్రోన్‌వి మూడు కొమ్మలిస్తా. శనివారం హన్మకొండలో పెళ్లి ఉంది, బస్టాండ్ దగ్గర అందిస్తాను.

పెట్టే పద్ధతి: పెన్సిల్ లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకు ఆనుకుని కొట్టాలి. కారే పాలు కడిగి ఒక పూట నీడలో ఆరనివ్వాలి. సగం ఇసుక, సగం కోకోపీట్‌లో పైకి ఒక్క కణుపు కనబడేలా పాతి, నీళ్లు తక్కువ పోయండి. తడిబట్ట పిండినంత చెమ్మ చాలు. పాలు చేతికి తగిలి ఎండలో తిరిగితే బొబ్బలొస్తాయి, గ్లవ్స్ వేసుకోండి. నేను వేసుకోలేదు, మచ్చలు రెండు నెలలున్నాయి.


హన్మకొండ_మిద్దె
డిసెంబర్ 31, ఉదయం 9:15

తమ్ముడూ, ఆరింటికీ ఆకులొచ్చాయి!! రెండేసి ఆకులు! అమ్మకు ఫొటో కూడా పంపాను.


చలకనేల
డిసెంబర్ 31, ఉదయం 9:40

అక్కా, ఇప్పుడే స్వీట్లు పంచకండి. అంజీర్ కొమ్మలో నిల్వ ఉన్న శక్తితో ముందు ఆకు వేస్తుంది, వేరు తర్వాత. ఆకు చూసి నీళ్లు పెంచితే అక్కడే కుళ్లుతుంది. పీకి చూడకండి కూడా.


హన్మకొండ_మిద్దె
జనవరి 29, రాత్రి 8:10

మీ నోరు మంచిది కాదన్నా. నెగ్రోన్ రెండు, బ్రౌన్ టర్కీ ఒకటి పోయాయి. ఒకటి పీకి చూశాను, ఒప్పుకుంటున్నాను. మిగిలిన మూడూ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసుల్లో ఉన్నాయి, తెల్లటి వేళ్లు బయటికే కనిపిస్తున్నాయి.


హన్మకొండ_మిద్దె
ఆగస్టు 18, సాయంత్రం 6:30

మళ్లీ నేనే. మొక్కలు నడుము దాకా వచ్చాయి. కానీ ఆకుల అడుగున ఇటుక పొడి చల్లినట్టు ఉంది, పసుపై రాలిపోతున్నాయి. డయానాకైతే తల మీద గొడుగే లేదు.


చలకనేల
ఆగస్టు 18, సాయంత్రం 7:05

తుప్పు తెగులు. మన వానాకాలం అంజీర్‌కు ఇది తప్పదు, నల్లదైనా తెల్లదైనా. రాలిన ఆకులు ఏరి పారేయండి, కుండీల మధ్య గాలి ఆడేలా జరపండి. లీటరు నీటికి మాంకోజెబ్ అనే తెగులు మందు 2.5 గ్రాములు కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. పది పదిహేను రోజులకు మళ్లీ. కాయ పండే దశలో మాత్రం వద్దు. ఆకులు పోయాయని చెట్టు పోయిందనుకోకండి.

ఇంకో మాట. ఇప్పుడు ఉన్న పిందెలు తీసేయండి. వానాకాలపు పండుకు తీపి ఉండదు, పులుపు, పగుళ్లు. మహారాష్ట్ర వాళ్లు ఈ కాపును 'ఖట్టా బహార్', అంటే పులుపు కాపు అనేది అందుకే. వానలు వెళ్లాక అక్టోబర్‌లో కొమ్మలు మూడోవంతు కత్తిరించి, వేపపిండి, పెంట వేయండి. కొత్త చిగురుతో పాటు వచ్చే కాయ ఫిబ్రవరి నుంచి పండుతుంది. అది 'మీఠా బహార్'.


జగిత్యాల_కోడలు
ఆగస్టు 19, ఉదయం 7:15

మా మొక్క ఎండిపోతే పీకి చూశాం, వేళ్లకు పల్లికాయల్లా బుడిపెలు. ఇదేంటి?


పాత_బోటనీ_సార్
ఆగస్టు 19, ఉదయం 8:00

మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగులమ్మా. అంజీర్‌కు వాటితో పాత పగ. ఆ మట్టి ఇంకో కుండీకి వాడకండి, ముఖ్యంగా టమాట, వంకాయ పెట్టకండి. కొత్త మట్టిలో వేపపిండి దండిగా కలిపి, చుట్టూ బంతి పెట్టండి. వీటిని తట్టుకుంటుందని మేడి వేరు మీద అంజీర్ అంటు కట్టే పద్ధతి కూడా ఉంది.


హన్మకొండ_మిద్దె
జనవరి 22, మధ్యాహ్నం 12:20

అక్టోబర్‌లో కత్తిరించాను. నెగ్రోన్‌కు తొమ్మిది, బ్రౌన్ టర్కీకి పద్నాలుగు కాయలు. కానీ నెల నుంచి గోలీ సైజులోనే ఆగిపోయాయి. ఏమైనా తక్కువైందా?


పాత_బోటనీ_సార్
జనవరి 22, మధ్యాహ్నం 1:00

ఏమీ తక్కువ కాలేదు. అంజీర్ కాయ ముందు పెరుగుతుంది, మధ్యలో వారాల తరబడి నిద్రపోతుంది, చివరి వారం పది రోజుల్లో ఒక్కసారిగా ఉబ్బి రంగు తిరుగుతుంది. కంగారుపడి యూరియా వేయకండి, ఆకులు పెరుగుతాయి. నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా చూడండి, లేకపోతే పండేటప్పుడు పగులుతుంది. మధ్యధరా దేశాల్లో కాయ కన్ను మీద ఒక చుక్క ఆలివ్ నూనె అంటించి పండును తొందరపెట్టే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. నిద్ర దశ చివర్లో చేస్తేనే పనిచేస్తుంది. సరదాకు ఒక కాయ మీద చేసి చూడండి.


ఉడుత_బాధితుడు
జనవరి 22, మధ్యాహ్నం 1:12

నూనె రాసిన కాయ కోతికి జారిపోతుందా సార్?


హన్మకొండ_మిద్దె
మార్చి 3, రాత్రి 9:05

పండింది! నెగ్రోన్ మొదటి పండు. కాడ దగ్గర మెడ వంచేసింది, తాకితే మెత్తగా, తుంపితే పాలు రాలేదు. నల్లదే. నిజంగా నల్లది, మీద సన్నని బూడిద లాంటి పొర, అడుగున చిన్న తేనె చుక్క. కోస్తే దానిమ్మ గింజ ఎరుపు. నూనె రాసిన కాయ మిగతావాటికన్నా వారం ముందే పండింది సార్. బ్రౌన్ టర్కీవి రెండు నిన్న తిన్నాం. బాగున్నాయి, కానీ దీని పక్కన పెడితే చప్పగా అనిపించాయి. ఇంకో ముచ్చట, బ్రౌన్ టర్కీ ఒకదాని కన్నులో చీమలు నాకన్నా ముందే ఉన్నాయి. ఆర్గాంజా (పలచటి జాలి గుడ్డ) సంచులు కట్టాక ఆగాయి.

అమ్మకు ఏమీ చెప్పకుండా ముక్క నోట్లో పెట్టాను. నమిలి, "బాగుంది గానీ నిజామాబాద్‌ది ఇంత ఎర్రగా ఉండేది కాదు, లోపల గులాబీ" అంది. సార్, మీరే గెలిచారనుకుంటా.


పాత_బోటనీ_సార్
మార్చి 3, రాత్రి 9:30

గెలుపు లేదమ్మా. పూణే కొమ్మ చలకనేల గారి దగ్గర ఉంది కదా, అది కూడా పెట్టి మీ అమ్మగారికే రుచి చూపించండి.


చలకనేల
మార్చి 3, రాత్రి 9:44

అక్టోబర్‌లో కత్తిరించినప్పుడు నాలుగు తీసి పెడతా అక్కా. బదులుగా నెగ్రోన్ కొమ్మ ఒకటి. ఇన్నాళ్లూ కుండీలన్నను వెక్కిరించిన, ఇప్పుడు ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు.


కరీంనగర్_కుండీలు
మార్చి 3, రాత్రి 9:50

అడిగినట్టే అన్నా, చదివిన.


హన్మకొండ_మిద్దె
మార్చి 9, ఉదయం 6:50

మిగిలిన ఎనిమిదిలో ఐదు సంచులతో సహా మాయం. పొద్దున పిట్టగోడ మీద పెద్ద కోతి కూర్చుని సంచి దారం ముడి విప్పుతోంది. చింపడం కాదు, విప్పుతోంది. ఇనుప జాలీ కట్టించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎంతైందో చెప్పండి.


ఉడుత_బాధితుడు
మార్చి 9, ఉదయం 6:58

సుబేదారి నుంచి మీవైపు వచ్చిందన్నమాట. దానికి ఎడమ చెవి చిరిగి ఉందా?